కొట్టంలో రసాయన శాస్త్రం

నేను రసాయన శాస్త్రాన్ని తోలుకొచ్చి మా కొట్టంలో కట్టేశానని పక్కింటి రావులమ్మత్త ఊరంతా చెబుతోందట. ఆ మాట టీ కొట్టు దగ్గర విని మా ఆయన మాల్యాద్రి నాకు చేరవేస్తాడు. "నలభై దాటినాక ఆయమ్మికి ఇదేం తిక్క, మొగుడికి కూడెవురు వండుద్ది" అని కూడా అందట.

చాలావరకు నిజమే. రసాయన శాస్త్రం నల్లగా ఉంటుంది. నుదుట తెల్లమచ్చ, వెనక్కి తిరిగిన కొమ్ములు. అది ఊపిరి వదిలితే కళ్లు మండుతాయి. అన్నం మాత్రం పెళ్లయిన నాటి నుంచీ మాల్యాద్రే వండుతున్నాడు. ఆ సంగతి రావులమ్మత్తకు ఇంకా చేరలేదు.

నేను జాకెట్లు కుడతాను. చదివింది బి.ఏ., అందులోనూ చరిత్ర. ఈ ఎండాకాలం మొదట్లో, ఒక పెళ్లికూతురికి కొలతలు తీస్తుంటే నా టేపు అంగుళాలు చూపడం మానేసి మిల్లీగ్రాములు చూపుతుంది.

"భుజం ఎంతొచ్చిందక్కా?"

"అయిదొందల మిల్లీగ్రాములు."

"అన్నం తిన్నాకేనా?"

"తిన్నాకే."

జాకెట్టు ఆ పిల్లకు చక్కగా కుదురుతుంది. నాకు మాత్రం ఇక కుట్టుపని కుదరదని తెలిసిపోతుంది.

మా ఊళ్లో మందుల కొట్టు ఉంది, మందులు తెలిసిన మనిషి లేరు. చూసేవాళ్లు లేక అక్కడి మాత్రలు ఇంటికి చేరేలోపు తమకు తోచిన రంగు వేసుకుంటాయి. దగ్గుకని తెచ్చిన మందు తాగి మా మామ తన ఎడమ చేతిని ఎక్కడో పెట్టి మరిచిపోయాడు. అది ఇంట్లోనే ఉండాలి. రాత్రిళ్లు ఎక్కడో చిటికెలు వినిపిస్తాయి. ఊరికి మందులు తెలిసిన మనిషి కావాలి, ఆ మనిషిని నేనే కావాలని టౌన్లో ఫార్మసీ కాలేజీకి వెళతాను.

ప్రిన్సిపాలు త్రాసులో ఒక పళ్లెంలో కూర్చుని ఉంటాడు. రెండో పళ్లెంలో ఆయన కుర్చీ ఉంటుంది.

"ఇంటర్లో ఏం చదివారు?"

"చరిత్ర, పౌరశాస్త్రం, ఆర్థికశాస్త్రం."

"అవి నీళ్లలో కరగవు," అంటాడాయన బాధగా. "కెమిస్ట్రీ, ఫిజిక్స్, బోటనీ, జువాలజీ తోలుకురండి. సీటు ఒక్కటుంది, మీ కోసం ఉంచుతాను. తొలకరి చినుకు నేల తాకేదాకా మా గేటు గేటే. తాకిందా, గోడ."

సబ్జెక్టులు మా సోమవారం సంతలో దొరుకుతాయి. కోచింగ్ సెంటర్ల వాళ్లు వాటికి కొమ్ములు చెక్కించి, రంగులు పూసి, మెడలో గంటలు కట్టి నిలబెడతారు. మా సంతలో బేరం నోటితో చేయరు. తువ్వాలు కింద చెయ్యి పెడితే దళారి వేళ్లు నొక్కి ధర చెబుతాడు. దళారి నా వేళ్లన్నీ నొక్కుతాడు. అవి చాలక, తువ్వాలు కింద ఇంకొన్ని వేళ్లు మొలిపించి వాటినీ నొక్కుతాడు. తువ్వాలు తీసి చూసుకుంటే నా చేతికి ఎప్పటి వేళ్లే ఉన్నాయి.

"లేని వేళ్ల మీద చెప్పిన ధర నేనెట్టా ఇచ్చేదన్నా?"

"ఇల్లమ్ముకో తల్లా."

"ఇల్లమ్మితే యాడ కూర్చోని చదవాల?"

"అది సిలబస్‌లో లేదు," అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోతాడు.

సంత చివర ఎవరూ బేరమాడని ఒక బక్క గేదె ఉంటుంది. పక్కన ఇమ్మానియేలు మాస్టారు. ఆయన జూనియర్ కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. రిటైరైన రోజు కాలేజీ వాళ్లు శాలువా కప్పి, ఇది మీ వెంటే వస్తానంటోంది మాస్టారూ అని పలుపు చేతికిచ్చారట.

"కొనలేకపోతే మేపుడుకు తోలకపో అంకమ్మా," అంటాడు.

మేపుడంటే మా వైపు అందరికీ తెలిసిందే. గొడ్డును కొనలేనివాళ్లు ఇంకొకరి గొడ్డును తెచ్చుకుని మేపుతారు. తోలుకొచ్చాక తొలిచూలు దూడ ఇచ్చినవాళ్లది, మలిచూలు మేపినవాళ్లది. మేపినన్నాళ్లూ పాలు మేపినవాళ్లవే. నేను పలుపు అందుకుంటాను.

మిగతా మూడింటి కోసం పెద్దగా తిరిగే పని పడదు. బోటనీ మా పెరట్లోనే ఉంది. ఇన్నాళ్లూ కలుపని పీకి పారేస్తున్నాను, అయినా దానికి నా మీద కోపం లేదు. జువాలజీ కోడిగూట్లోంచి తల బయటపెట్టి, ఇంత ఆలస్యంగానా అన్నట్టు చూస్తుంది. ఫిజిక్స్ మాత్రం చూరెక్కి కూర్చుంటుంది. దిగి రమ్మంటే, దిగడం తనకు రాదనీ, పడడమే వచ్చనీ చెప్పి పడుతుంది. మళ్లీ ఎక్కుతుంది. మాల్యాద్రి కింద గడ్డి పరుస్తాడు.

రసాయన శాస్త్రానికి ఇంట్లో ఉన్నవే పెడతాను. చింతపండు పెట్టిన రోజు పాలు తాగితే ఆమ్లాలు నోటికొస్తాయి. సున్నం పెట్టిన రోజు క్షారాలు. పాత కుట్టుమిషను తుప్పు నాకించిన రోజు మాల్యాద్రి కూడా ఒక గ్లాసు తాగి, గాలీ నీరూ కలిసి ఇనుమును ఎట్లా తినేస్తాయో నిద్రలో వివరిస్తాడు. చింతపండులో వాషింగ్ సోడా కలిపి పెడితే గేదె పెద్దగా తేన్చుతుంది. ఆ తేన్పు బుడగలు బుడగలుగా చూరు దాకా లేచి, ఫిజిక్స్‌ను తాకి పగులుతుంది.

పాఠం వచ్చినప్పుడల్లా కొట్టం ఒక గుంజ పొడవు పెరుగుతుంది. గడ్డి మోపు ఎత్తుకుని పొద్దున బయలుదేరితే గేదె దగ్గరికి చేరేసరికి ఎండ ముదురుతుంది. కర్బన సమ్మేళనాలు మొదలుపెట్టిన వారానికి రావులమ్మత్త వాకిట్లోకి వస్తుంది.

"ఏమే, మీ కొట్టం మా వంటింట్లోకి వచ్చింది."

"ఈ పాఠం అయిందాకా ఉండనీ అత్తా."

"ఉండనిస్తా. అటేపు పడ్డ పేడ నాది."

"నీదే."

అప్పటి నుంచి ఆమె చింతపండు గింజలు తీసుకుంటూ గేదె తోక దగ్గర కూర్చుంటుంది. మధ్యలో నేను తప్పు చెబితే గింజ విసురుతుంది. ఆ గింజలు సరిగ్గా తగులుతున్నాయి కాబట్టి ఆమెకూ పాఠాలు వస్తున్నట్టే. ఊళ్లో మాత్రం నన్ను తిట్టడం మానదు. మానితే ఏదో జబ్బు చేసిందనుకుంటారని ఆమె భయం.

పడమట మబ్బు లేస్తుంది. నాలుగింటినీ తోలుకుని బయలుదేరబోతుంటే ఇమ్మానియేలు మాస్టారు వచ్చి పలుపు పట్టుకుంటాడు.

"వస్తానమ్మా. గేదెని తోలకపోతన్నా. చీరాల రోడ్డులో ఒక లారీ డ్రైవరు కనిపెట్టుకోని ఉన్నాడు, ఆయనక్కూడా ఫార్మసీ కావాలంట."

"ఇది సీటుకు కావాలి గద మాస్టారూ. నాకు మొత్తం వచ్చేసింది."

"వస్తే? తల్లి గొడ్డు ఎప్పుడైనా ఇచ్చినోడిదే గదా. నీకొచ్చేది మలిచూలు."

నా కొట్టానికొచ్చాక అది ఇంకా ఒక్క చూలూ కట్టలేదు. ఆయన అన్నది న్యాయం. నేర్చుకున్నది నాదైపోతుందనుకుని మేపుడు సంగతే మరిచిపోయాను. గేదె లేకుండా వెళితే సీటు లేదు, సీటు లేకపోతే మా ఊరు ఇంకెన్ని చేతులు పోగొట్టుకుంటుందో తెలియదు. కాలేజీ గేటు దాకా నడిచి వచ్చి, అక్కడి నుంచి తోలుకుపొమ్మని మాస్టారును బతిమాలుతాను. ఆయన మంచివాడు, నడుస్తాడు.

మాల్యాద్రి, రావులమ్మత్త కూడా వెంట వస్తారు. దారిలో ఫిజిక్స్ ముందుకు పడుతూ నడుస్తుంది. జువాలజీ ఎవరి చంకలో ఎక్కాలో తేల్చుకోలేక రావులమ్మత్త చంకెక్కుతుంది. మేము చేరేసరికి గేటు ఊచలు అప్పుడే ఇటుకరంగు తిరుగుతుంటాయి.

"కెమిస్ట్రీ ఎవరిది?" అంటాడు ప్రిన్సిపాలు, పళ్లెంలోంచి.

"నాది," అంటాడు మాస్టారు. ఆయన అబద్ధమాడలేడు.

"అయితే ఈమెకు సీటు లేదు."

రావులమ్మత్త కొంగు బిగిస్తుంది. "పాలెవురియ్యి మాస్టారూ?"

"పాలు మేపినోళ్లయ్యి. అంకమ్మయ్యే."

"ఇన్నాళ్ల పాలు ఎవురు తాగింది?"

"అంకమ్మే."

"ఇంకేంది మరి. గొడ్డునొదిలేసి ఆయమ్మిని పిండి చూడండి."

ప్రిన్సిపాలు బీకరు తెప్పిస్తాడు. మొదటి చినుకు మబ్బు వదిలి వస్తోంది. ఫిజిక్స్ దాన్ని గేదె వీపు ఎత్తులో ఆపి, పడేదెప్పుడో తాను చెబుతానంటుంది.

"కడుపులో ఆమ్లం ఎక్కువై గుండెల్లో మంట. ఏమిస్తావు?" అంటాడు ప్రిన్సిపాలు.

"క్షారం. తేలికది. ఎంతన్నది మనిషిని చూసి, ఏమేం మందులు వాడుతున్నారో అడిగి."

నా వేళ్ల కొసల నుంచి బీకరులోకి తెల్లగా ధార పడుతుంది. ఎర్ర లిట్మస్ ముంచితే నీలమవుతుంది. ప్రిన్సిపాలు ఆ కాగితం వైపు, బీకరు వైపు చూసి, గడగడా తాగేస్తాడు. ఛాతీ మీద చెయ్యి వేసుకుంటాడు. ఆయన పళ్లెం మెల్లగా పైకి లేస్తుంది.

"ఎన్నేళ్లుగానో మండుతోంది," అంటాడు. "లోపలికి రా."

నేను దాటగానే చినుకు నేల తాకుతుంది. వెనక గోడ. మాస్టారు గేదెను తోలుకుని లారీ డ్రైవరు వైపు వెళుతున్న చప్పుడు వినిపిస్తుంది. మాల్యాద్రి గోడ మీది నుంచి అన్నం క్యారేజీ అందిస్తాడు.

లోపల తరగతి గది లేదు. కళ్లం అంత వెడల్పున ఒక మాత్రల అట్ట పరిచి ఉంటుంది. ఒక్కో బుడగలో ఒక్కో విద్యార్థి మోకాళ్లు మడుచుకుని కూర్చున్నారు, అందరూ మీసాలు సరిగా రాని పిల్లలు, నిన్న మొన్న జడలు వేసుకున్న పిల్లలు. ఒక బుడగ ఖాళీగా ఉంది. దాంట్లోకి దిగి చూస్తే నా కొలతకే చేశారు, భుజాల దగ్గర కూడా ఎక్కడా బిగుతు లేదు. వెండి రేకు వీపుకు చల్లగా తగులుతుంది. అట్ట గాల్లోకి లేస్తుంది. కొండంత చెయ్యి ఏదో దాన్ని వెలుగు వైపు తిప్పి పట్టుకుంటుంది. మేమంతా ఒక్కసారే ఒక పక్కకు దొర్లి, నవ్వుకుని, మళ్లీ సర్దుకుంటాం.

కుర్ర లెక్చరరు ఒకడు రేకు మీద నడుస్తూ, వెనక అచ్చువేసినవన్నీ చదువుకుంటూ వస్తాడు. నా దగ్గర ఆగుతాడు. చుట్టూ పిల్లల వైపు చూసి కన్ను గీటుతాడు.

"ఏం పెద్దమ్మా, నీ వీపు మీద తేదీ చూసుకునే వచ్చావా?"

"చూసుకునే వచ్చాను నాయనా. అది తయారైన తేదీ."