పాతవి కూడా తుడిచెయ్యాలా?

సూరత్‌లో మా ఉధ్నా గల్లీలో నన్ను ఇంజనీరమ్మ అంటారు. ఆ పేరు వాళ్ళంతట వాళ్ళు పెట్టలేదు, నేనే పెట్టించుకున్నాను. చేసేది మాత్రం టెస్టర్ పని: ప్రోగ్రాములు రాసేవాళ్ళు వాడే ఎడిటర్‌కు మా కంపెనీ ఒక ప్లగిన్ తయారు చేస్తుంది. రాసినదాంట్లో తప్పుంటే అది అక్కడికక్కడే ఎర్రగీత గీసి చూపిస్తుంది. ఆ ప్లగిన్‌ను నేను ఎక్కిస్తాను, నడిచిందో లేదో చూస్తాను, తీసేస్తాను, మళ్ళీ ఎక్కిస్తాను. ఇది కళ్ళారా చూసిన రోజు మా అమ్మ వజ్రమ్మ ముక్కున వేలేసుకుంది.

"గిదేం కొలువు సుమనా? పెట్టుడు, తీసుడు, మల్ల పెట్టుడు. గిట్ల నేను వంటకాడ చేస్తే మీ బాపు పిచ్చిదనడా?"

లాక్‌డౌన్ రాకముందు ఈ గుట్టు అడాజన్‌లోని మా ఆఫీసులో భద్రంగా ఉండేది. ఆఫీసు మూసి లాప్‌టాప్ ఇంటికి పంపాక, ఒంటిగది ఇంట్లో ఏం దాస్తాం? పైగా బాపు కూడా ఇంట్లోనే. మా బాపు సోమలింగం సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చినప్పటి నుంచీ సాంచాల మీదే బతికాడు. సాంచాలంటే పవర్‌లూములు. వాటి మోతలో అరిచి అరిచి ఆయన గొంతు అట్లాగే ఉండిపోయింది. గుసగుసగా చెప్పినా పక్క గల్లీకి వినబడుతుంది. ఇప్పుడు కార్ఖానా మూతపడింది కానీ గొంతు మూతపడలేదు.

గల్లీలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. పక్కింటి బిక్షపతి మామ ఎట్లాగో పర్మిషన్ తెచ్చి సిరిసిల్లకు బస్సు మాట్లాడాడు. శనివారం పొద్దున బయలుదేరుతుంది, మాకూ మూడు సీట్లు ఆపాడు. నాదేమో ఇంకా పర్మనెంట్ కాని ఉద్యోగం. శుక్రవారం క్లయింటుకు ప్లగిన్ చూపించాలి, అది బాగా జరిగితే పర్మనెంట్ చేస్తామని మా లీడ్ హేతల్‌బెన్ చెప్పింది. బాపు తీర్పు కూడా దాని మీదే ఆగింది.

"నీ కొలువు పక్కా అయితే ఈడనే ఉందాం. కాకుంటే బస్సెక్కుదాం. చేతుల పని లేకుంట పరాయి ఊర్ల ఏం జేస్తం?"

ఆయనకు పరాయి ఊరు కావచ్చు, నేను పుట్టింది ఇక్కడే. సిరిసిల్లలో నేను ఇంజనీరమ్మను కాదు, సోమలింగం బిడ్డను, అంతే. వెళ్ళాలని నాకు ఇసుమంతైనా లేదు. అమ్మ మాత్రం టీవీ వార్తలు విని మూటలు కట్టేది, నా మొహం చూసి విప్పేది, మళ్ళీ వార్తలు విని కట్టేది. జీతం లేదన్న మాటే గానీ మా ఇంట్లో అసలు టెస్టర్ ఆమే.

ప్లగిన్ తీసేసేటప్పుడు తెర మీద చిన్న పెట్టె వచ్చి ఒక మాట అడుగుతుంది: పాత సెట్టింగులు కూడా తుడిచెయ్యాలా? నేను ప్రతిసారీ 'వద్దు' నొక్కేదాన్ని. ఎందుకని నన్ను నేను ఎన్నడూ అడగలేదు, చేయి దానంతటదే అటు పోయేది. మళ్ళీ ఎక్కించగానే ప్లగిన్ బుద్ధిగా లేచి కూర్చునేది. అన్ని రకాలుగా చూశావా అని హేతల్‌బెన్ అడిగితే, కళ్ళు మూసుకుని రిలీజ్ చెయ్యొచ్చన్నాను.

శుక్రవారం వీడియో మీటింగుకు పైన ఆఫీసు కుర్తా, కింద పాత నైట్ ప్యాంటు వేసుకుని కూర్చున్నాను. వెనకాల అమ్మ చీర ఒకటి తాడుకు కట్టి మూటలు కనబడకుండా చేశాను. బాపును కూడా ఆ చీర వెనకే కూర్చోబెట్టి, నోరు తెరవనని ఒట్టు వేయించుకున్నాను.

మొదట అంతా సాఫీగా సాగింది. ప్లగిన్ ఎక్కింది, ఎర్రగీతలు వచ్చాయి, క్లయింటు తరఫు పెద్దాయన తలాడించాడు. తీసెయ్యబోతే ఆ పెట్టె వచ్చింది.

"అవును నొక్కండి. సబ్ నికాల్ దో. అంతా తీసేసి కొత్తగా పెట్టి చూపించండి" అన్నాడాయన హిందీలో.

నా వేలు ఆగిపోయింది. "వద్దు నొక్కితే టైము కలిసొస్తుంది సర్" అన్నాను.

"అవునే నొక్కండి."

నొక్కాను. మళ్ళీ ఎక్కించాను. తప్పులన్నీ ఏరి ఏరి రాశాను, ఒక్క ఎర్రగీత రాలేదు. ఇంకా ఘోరమైన తప్పులు రాశాను. తప్పు చేసి పట్టుబడనందుకు ఏడుపు రావడం జీవితంలో అదే మొదలు. అంతలో చీర వెనక నుంచి బాపు గొంతు లేచింది.

"అరె, అన్ని గుంజిపారేసినవా బిడ్డా? పాత పోగులు ఉంచకపోతే కొత్తయి దేనికి ముడేస్తవ్?"

ఆయన ఆవేశంగా లేవడంతో చీర జారింది. మూటలూ, బనీను మీదున్న బాపూ, చేటలో బియ్యం ఏరుతున్న అమ్మా అందరికీ దర్శనమిచ్చారు.

సాంచా మీద బీము, అంటే నిలువు పోగులు చుట్టిన దూలం, అయిపోవస్తే పాత పోగులను మొత్తం లాగెయ్యరు. కొసలను మగ్గంలోనే వదిలి, కొత్త బీము పోగులను ఒక్కొక్కటిగా వాటికి ముడేస్తారు. అన్నీ లాగేస్తే వేల పోగులను మళ్ళీ మొదటి నుంచి సందుల్లో దూర్చుకోవాలి, ఆ రోజు పని గంగలో కలిసినట్టే. చిన్నప్పుడు బాపుకు అన్నం డబ్బా తీసుకెళ్ళినప్పుడల్లా, పోగు తెంపిన వాళ్ళను ఆయన తిట్టే తిట్లు వింటూ పెరిగాను. నా చదువు కంప్యూటర్ల మీద, బుద్ధి సాంచా మీద.

మా ప్లగిన్ బుద్ధీ అంతే. రెండోసారి ఎక్కించినప్పుడు పాత సెట్టింగులు ఉన్నాయనుకుని వాటిని వెతుక్కుంటూ కూర్చుంటోంది, లేకపోతే కొత్తవి చేసుకోవాలని దానికి తెలియదు. అది పట్టుకోవడానికే నాకు జీతమిస్తున్నారు.

మీటింగు అయ్యాక హేతల్‌బెన్ ఫోన్ చేసింది. "ఎప్పుడూ 'వద్దు' ఎందుకు నొక్కావు?"

నెపం నెట్ మీద తోసెయ్యొచ్చు. కానీ బాపు గొంతు విన్నాక ఇంక దాచేదేముంది? బీము సంగతి చెప్పేశాను. ఆమెదీ సూరతే, బీమంటే ఏమిటో వివరించే పని పడలేదు. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"తప్పును ప్లగిన్ రాసినవాళ్ళు సరిచేస్తారు. సోమవారం నువ్వు అంతా తుడిచేసి మళ్ళీ టెస్ట్ చెయ్యి. పర్మనెంట్ మాట ఆ తర్వాత."

"ఉంచుతారా, తీసేస్తారా?"

"సోమవారం పని చూసి చెప్తాను" అని పెట్టేసింది.

అమ్మ సగం కట్టిన మూట పట్టుకుని నిలబడింది. బాపు అడిగాడు, "ఏమన్నది? ఉన్నట్టా, పోయినట్టా?"

పర్మనెంట్ అన్న ఒక్క మాట అనేస్తే అయిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన కళ్ళలోకి చూసి అనలేకపోయాను.

"ఏం తేల్చలే బాపూ. సోమారం మాత్రం పనికి కూసోమన్నది."

ఆయన ఫోన్ తీశాడు. "బిక్షపతీ, మా మూడు సీట్లు ఎవరికన్న ఇయ్యి" అన్నాడు. ఫోన్ లేకున్నా వినబడేదే.

"ఏందయ్యా, పక్కా కాకపాయె గదా!" అంది అమ్మ.

"సోమారం కూసోమన్నది గదా. ఒక్క పోగు ఉన్నది. ముడేసుకుందాం."

నేను బావురుమన్నాను. ఇంజనీరమ్మ ఏడుపు విని ఎదురింటి లింగవ్వ తలుపు కొట్టి, దూరం జరిగి, జ్వరమా అని అడిగి వెళ్ళింది.

సోమవారం పొద్దున సరిచేసిన ప్లగిన్ ఎక్కించాను, నడిచింది. తీసెయ్యబోతే మళ్ళీ ఆ పెట్టె: పాత సెట్టింగులు కూడా తుడిచెయ్యాలా?

బాపు నా పక్కనే కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"బాపూ, జర అటు తిరుగు" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టి, గోడ వైపు తిరిగి, అదీ చాలదని తువ్వాలు మొహం మీద కప్పుకున్నాడు. నేను 'అవును' నొక్కాను.