అడుగంటిన పాల వాసన

రేపల్లెలో స్టెల్లా ఉద్యోగం వాళ్లమ్మ కుట్టు మిషన్ మీద నడిచేది. పొద్దున్నే లక్ష్మమ్మ జాకెట్ ముక్కలు పక్కకు నెట్టి, మిషన్‌ను లోపలికి దించి, పైన చెక్క మూసేది. ఆ చెక్క మీద లాప్‌టాప్ పెట్టుకుని స్టెల్లా హైదరాబాద్‌లోని ఓ పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీకి హెచ్ఆర్ పని చేసేది. కొత్తగా చేరినవాళ్లకు స్వాగతం చెప్పడం, సెలవులు సర్దడం, అలిగినవాళ్లను బుజ్జగించడం. సాయంత్రం ఆమె లేవగానే మిషన్ మళ్లీ పైకి లేచేది.

ఆ ఇంటి ఆడవాళ్లు అబద్ధం చెబితే అడుగంటిన పాల వాసన వస్తుంది. స్టెల్లా అమ్మమ్మకు వచ్చేది, లక్ష్మమ్మకు వస్తుంది, స్టెల్లాకూ వస్తుంది. ఫోన్‌లో చెబితే అవతలివాళ్ల ఇంట్లో వస్తుంది. ఊళ్లో దాన్నెవరూ వింతగా చూడరు. "శనివారానికి జాకెట్ అయిపోద్ది" అని లక్ష్మమ్మ అంటే, వచ్చినావిడ ఓసారి గాలి పీల్చి, "సరేలే అక్కా, సోమవారమే వస్తా" అని వెళ్లిపోతుంది. ఓ ఆదివారం పాస్టరుగారు "ఇవాళ ప్రసంగం ఎలా ఉందమ్మా?" అనడిగారు. "చాలా బాగుందయ్యగారూ" అంది లక్ష్మమ్మ. ఆయన ముక్కు తుడుచుకుని నవ్వేశారు. అప్పట్నుంచి జనం ఎండ ముదరకముందే ఇళ్లకు చేరుతున్నారు.

స్టెల్లా పనిలో అబద్ధాల అవసరం పెద్దగా పడేది కాదు. ఈ వేసవిలో పడింది.

కంపెనీ మనుషుల్ని తగ్గించుకుని, వాళ్ల పని కొంత ఏఐకి అప్పజెప్పాలనుకుంది. ఆ మాట బయటికి అనడం మాత్రం ఇష్టంలేదు. స్టెల్లా పైఅధికారి పద్మజ ఫోన్ చేసి, ఒక్కొక్కరికీ ఏం చెప్పాలో చెప్పింది. మీ పనితీరు బాగాలేదు, మీ అంతట మీరే రాజీనామా చేయండి. అంతే.

"అలాగంటే వాళ్లకు ఇంకోచోట ఉద్యోగం ఎవరిస్తారండి?" అంది స్టెల్లా. "పోయిన ఏడాది స్టేజీ ఎక్కించి చప్పట్లు కొట్టింది వీళ్లకే కదండి."

"నాకు తెలీదా స్టెల్లా? పైనుంచి వచ్చిన మాట. కాదంటే మనమూ వాళ్ల వెనకే."

మొదటి కాల్ బాపట్లలో ఉండే నాగదుర్గకు. స్టెల్లా ఆ ముక్క అనగానే నాగదుర్గ, "ఒక్క నిమిషం మేడమ్, పాలు మర్చిపోయినట్టున్నాను" అని వంటింట్లోకి పరుగెత్తింది. తిరిగొచ్చి, మిగతాది విని, ఏడ్చింది. ఆ మధ్యాహ్నం స్టెల్లాకు అన్నం సహించలేదు.

తర్వాతి కాల్ తెనాలి అబ్బాయి గౌతమ్‌కు. అతనూ ఇంటి నుంచే పనిచేస్తాడు. స్టెల్లా మాట పూర్తవకముందే వెనక నుంచి వాళ్లమ్మ కేక వినబడింది. "ఒరే, పొయ్యి మీద పాలు పెట్టావా?"

"ఇంట్లో పాలే లేవు కదమ్మా!" అని, గౌతమ్ స్క్రీన్ దగ్గరికి వంగి వాసన చూశాడు. "మేడమ్, మీదే ఊరండి?"

"రేపల్లె."

"జాకెట్లు కుట్టే లక్ష్మమ్మగారు మీకు..."

"మా అమ్మేనండి."

గౌతమ్ రెండు చేతుల్తో మొహం రుద్దుకుని నవ్వాడు. కళ్లల్లో నీళ్లున్నాయి. "అయితే నా పని బాగానే ఉందన్నమాట! మీటింగుల్లో నన్ను పక్కన పెడుతుంటే నేనే పనికిరాకుండా పోయానేమో అనుకుంటున్నానండి. అమ్మకు కూడా చెప్పలేదు."

"మీ పనికి వంకలేదండి. కంపెనీయే మనుషుల్ని తగ్గించుకుంటోంది."

ఈసారి ఏ వాసనా రాలేదు.

స్టెల్లా పద్మజకు ఫోన్ చేసి, ఇక ఇంకెవరికీ ఆ మాట చెప్పనంది. పద్మజ కోప్పడలేదు. "గోల అప్పుడే బయటికొచ్చింది. బుధవారం గిరిబాబుగారు కంపెనీ మొత్తంతో మాట్లాడతారట. కారణం పనితీరేనని నువ్వొక్క మాట అనాలట. అననంటే ఇంకొకరి చేత అనిపిస్తారు." గిరిబాబు కంపెనీకి పెద్ద.

స్టెల్లా ఆ సంగతి తల్లికి చెప్పింది.

"ఒప్పుకోకు. పోతే పోయింది వెధవ ఉద్యోగం" అంది లక్ష్మమ్మ.

"నేను కాదంటే వాసన రానివాళ్లెవరో చెప్తారమ్మా."

లక్ష్మమ్మ చేతిలో కత్తెర ఆగింది. కూతురి వైపు చూసింది. మెల్లగా నవ్వొచ్చింది ఆవిడకు. "అయితే గట్టిగా చెప్పు."

బుధవారం గిరిబాబు చాలాసేపు మాట్లాడాడు. చివర్లో, "మీరు చెప్పండి స్టెల్లా, కారణం పనితీరే కదా?" అన్నాడు.

"అవునండి. పనితీరే" అంది స్టెల్లా, అక్షరం అక్షరం విడగొట్టి.

వేల కుర్చీలు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. మాదాపూర్ హాస్టళ్లలో వంటగది ఎటుందో తెలియని కుర్రాళ్లు కూడా మెట్లు దిగి పరుగెత్తారు. బెంగళూరులో ఒకాయన పక్కింటి తలుపు బాదాడు. సూర్యలంక ఇసుకలో కూర్చుని ఫోన్‌లో మీటింగ్ వింటున్న అతను సముద్రం వైపు అనుమానంగా చూశాడు. అప్పుడు గౌతమ్ అందరికీ మెసేజ్ పెట్టాడు. 'పాలు కాదు. రేపల్లె లక్ష్మమ్మగారి అమ్మాయి చేత అబద్ధం చెప్పించారు.' తెలియనివాళ్లకు ఈ వైపువాళ్లు విడమరిచి చెప్పారు. ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు.

గిరిబాబుదీ ఈ వైపే, పిట్టలవానిపాలెం. మీటింగ్ నుంచి లేవకముందే అతని తల్లి రావమ్మ ఫోన్. "ఏరా, ఆ పిల్ల చేత అబద్ధం ఆడించావంట? నా జాకెట్లన్నీ కుట్టేది వాళ్లమ్మేరా! ఇక ఏ మొహం పెట్టుకుని ఆ గుమ్మం ఎక్కను?"

ఉద్యోగులు ఒకే మాట మీద నిలబడ్డారు. కంపెనీ ఏం చెప్పదలచుకున్నా స్టెల్లా మేడమ్ చేత చెప్పించాలి, అందాకా ఎవరూ లాప్‌టాప్ తెరవరు. రెండు రోజులు చూసి గిరిబాబు స్టెల్లాకు ఫోన్ చేశాడు.

"ఏం చెప్పగలవమ్మా నువ్వు?"

"నిజమైతే ఏదైనా చెప్పగలనండి."

"ఎవర్నీ తీసేయం అని చెప్పగలవా?"

"మీరు తీయకపోతే చెప్పగలనండి."

కట్టబోయే కొత్త భవనం బొమ్మ గిరిబాబు ఎదురుగా గోడ మీద ఉంది. దాన్ని చూస్తూ కూర్చున్నాడు. "భవనం వద్దులే, ఆ డబ్బు జీతాలకే పోనీ" అన్నాడు చివరికి. "వాళ్లను వెనక్కి పిలుద్దాం."

సోమవారం మీటింగ్‌కు ముందే ఇళ్లలో స్టవ్‌లు ఆర్పేశారు. నాగదుర్గ గ్యాస్ సిలిండర్ కూడా కట్టేసి వచ్చి కూర్చుంది.

"వెళ్లిపొమ్మన్నవాళ్లందర్నీ వెనక్కి పిలుస్తున్నాం" అంది స్టెల్లా. "ఈ ఏడాది, వచ్చే ఏడాది ఎవర్నీ తీసేయం."

ఎవరూ కదల్లేదు. వేలమంది ఊపిరి పీల్చి ఆగారు.

తెనాలిలో గౌతమ్ వాళ్లమ్మ లాప్‌టాప్ దగ్గర ముక్కు పెట్టి చూసింది. నమ్మకం కుదరక వంటింట్లోకి వెళ్లొచ్చింది. కిటికీ దగ్గర, తలుపు వెనక, మూలమూలా చూసింది.

"ఏమైనా ఉందా అమ్మా?" అన్నాడు గౌతమ్, కుర్చీలోంచి లేవకుండానే.

"ఏం లేదురా" అంది ఆవిడ, కొంగుతో కళ్లొత్తుకుంటూ. "కాఫీ పెట్టనా?"