మల్బున్ ఇంటి జాడీ

ఎండ కాసిన రోజు మల్బున్ చేసే మొదటి పని పెరట్లో సోయాసాసు జాడీ మూత తీయడం. లోపల పులిసే సోయా ఊటకి ఎండ తగలాలి. జాడీ మెడకి గడ్డితాడు, తాడుకి ఎర్ర మిరపకాయలు, దిష్టి తగలకుండా తలకిందులుగా అంటించిన కాగితం మేజోడు. ఊళ్ళో అందరి జాడీలూ అంతే. మల్బున్ జాడీలో మాత్రం వంగి చూస్తే, మనిషి ఏ వయసు దగ్గర ఆగిపోయిందో ఆ వయసు మొహం కనిపిస్తుంది. చేపలమ్మే ఆవిడకి మొగుడి పడవ మునిగిననాటి మొహం. అదేం వింత కాదు ఎవరికీ. "కాస్త ఊట పొయ్యి తల్లీ, నన్ను నేను చూసుకుని పోతా" అంటూ వస్తారు.

మల్బున్‌కి కనిపించేది పదిహేడేళ్ళ పిల్ల. పక్కింటి బున్‌సన్ వంగినా అంతే. ఫ్యాక్టరీలో పని అని నమ్మించి ఇద్దర్నీ ఒకే లారీ ఎక్కించి, జపాను సైనికుల శిబిరంలో పడేసిన ఏడు అది.

ముసలితనంలో ఇద్దరూ నోరు విప్పారు. అప్పుడు మొదలైంది మల్బున్‌కి కడుపుమంట. బున్‌సన్‌కి సాక్షి దొరికాడు! ఒకుమురా అనే ముసలి సైనికుడు సముద్రం దాటి వచ్చి, "ఆ శిబిరం నిజం. ఫుమికో అనే పిల్ల గుర్తుంది నాకు. గోడవైపు తిరిగి జోలపాట పాడేది" అన్నాడు. "నేనే" అంది బున్‌సన్. పేపర్లో ఫోటో పడింది. మల్బున్ మాటకేమో ఆధారం లేదన్నారు, బాధితుల పేర్లు నమోదు చేసే కమిటీవాళ్ళు. టీవీలో ఒక ప్రొఫెసరైతే కట్టుకథ అనేశాడు.

అసలు మొదటి ఫుమికో మల్బునే. అక్కడివాళ్ళు పెట్టిన పేరది. జ్వరమొచ్చి తనను వంటపాకలోకి ఈడ్చేశాక, ఆ గదిలోకి బున్‌సన్‌ని తోశారు. తలుపు మీది పేరు మార్చలేదు. "నా పేరు తగిలించుకుని ఊరేగుతోంది మహాతల్లి!" అని ముల్లంగి తరుగుతూ పళ్ళు నూరేది మల్బున్. పైకి అనలేదు. అంటే ఇద్దరూ అబద్ధాలకోర్లే అంటారు లోకులు.

ఊరి హాల్లో కమిటీ ముందు అందరూ వాంగ్మూలం ఇవ్వాల్సిన రోజుకి ముందురోజు, బున్‌సన్ ఒకుమురాని వెంటబెట్టుకొచ్చింది.

"చారులోకి కాస్త ఊట ఇస్తావా?"

"చుట్టానికి మర్యాదలా?"

"చుట్టమేంటే, సాక్షి. ఆకలితో పంపలేం కదా."

"నీకేమమ్మా, పెట్టి పుట్టావు."

"డెబ్బై ఏళ్ళొచ్చినా ఇంకా కుళ్ళేనా?"

"కుళ్ళే అక్కా! నన్ను కూడా ఎవడో ఒకడు గుర్తుపట్టి చావొచ్చు కదా!"

ఈలోగా ముసలాయన జాడీలోకి వంగాడు. సైనికుడి టోపీలో ఇరవయ్యేళ్ళ కుర్రాడు. అంచు గట్టిగా పట్టుకున్నాడు. గరిటె ముంచబోయిన మల్బున్ పదిహేడేళ్ళ మొహం ఆ పక్కన తేలింది.

"ఫుమికో" అన్నాడాయన.

బున్‌సన్ మొహం తెల్లబోయింది. "మల్బునా, నేనూ ఆ గదిలోనే ఉన్నానే. ఆ పేరు కూడా పోతే నన్నెవరు నమ్ముతారే?"

కోరుకున్నది చేతికొచ్చింది. అబద్ధమెందుకు, మల్బున్‌కి సంతోషం గొంతుదాకా వచ్చింది. రేపు హాల్లో ఒక్క మాటంటే చాలు. కానీ ఆ గది తలుపు వెనక బున్‌సన్ ఏం పడిందో తనకి తెలుసు. బున్‌సన్ చొక్కా చెయ్యి పట్టి లాగింది.

"ఇలా రా. వంగు."

ఊటలో మూడు లేత మొహాలు.

"బాగా చూడు" అంది ముసలాయనతో, శిబిరంలో దెబ్బలతో వంటబట్టిన అతని భాషలోనే. "నా తర్వాత దీన్ని తోశారు. మీకు మొహాలతో పనేముంది గనక! వంటపాకలో నేను పాడితే, గదిలో ఇది అందుకునేది."

ఆయన తలెత్తలేదు. భుజాలు కదిలిపోతున్నాయి.

"ఊట పాడవుతుంది, పక్కకి తిరిగి ఏడు" అని గదిమింది మల్బున్.

మర్నాడు హాల్లో కెమెరా ముందు ఆయన లేచాడు. "నేను తప్పు చెప్పాను. ఫుమికో ఒక్కతి కాదు. ఎవరు ఎవరో మేం పట్టించుకోలేదు. ఇక్కడ ఇద్దరున్నారు." కమిటీవాళ్ళు మల్బున్‌ని అసలు పేరు అడిగి రాసుకున్నారు.

తెల్లారి మంచి ఎండ. మల్బున్ మూత తీసి వంగింది. జాడీలో బోసినోటి ముసల్ది! మొహం తడుముకుంది, తనే.

"అక్కా! ఓ బున్‌సనక్కా! ఉన్నపళంగా రా!"

బున్‌సన్ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి వంగింది. ఊటలో ఇద్దరు ముసలమ్మలు పక్కపక్కన తేలారు.

"నీకంటే నాకే ముడతలు తక్కువ" అంది మల్బున్.