నల్లబంతి తొందర

పూల్ ఆట నేర్పిస్తానని మా మేనబావ నన్ను క్లబ్బుకి లాక్కెళ్లాడు. నేను వడ్రంగిని. బల్ల అంచులు తడిమి చూశాను, మట్టం బాగుంది. నాకు అర్థమైంది అదొక్కటే.

"ఈ కర్రని క్యూ అంటారు. దీంతో తెల్లబంతినే కొట్టాలి" అన్నాడు.

"బల్ల అంచుల్లో వేలాడే ఈ సంచుల్లో వేయాల్సింది దాన్నేనా?"

"అది పడితే ఫౌల్. గీతలున్న బంతులు నీవి, లేనివి నావి అనుకుందాం. నీవి నువ్వు వేసుకో."

"అయితే నావాటినే నేరుగా కొడతా."

"అదీ ఫౌలే."

తలా తోకా లేని ఆట! ఒళ్లు మండింది. కర్ర కొనకి రుద్దుకోమని నీలం చాక్ ఇస్తే, అలవాటుగా చెవి మీద పెట్టుకున్నాను.

బావ మొదటి దెబ్బకి బంతులన్నీ చెదరగొట్టాడు. ఒక్కటీ పడలేదు. నా కోపమంతా కర్రలోకి దించి కొట్టాను. తెల్లబంతి వెళ్లి నల్లబంతిని తాకింది. నల్లబంతి మూల సంచిలోకి నున్నగా జారింది. చుట్టూ చప్పట్లు. మీసం మెలేశాను.

బావ చేయి కలిపాడు. "నేను గెలిచాను. నల్లది చివర్లో పడాలి. ముందే పడితే ఓడినట్టే."

"నువ్వు ఒక్క బంతైనా వేశావా?"

"లేదు."

"మరెలా గెలిచావు?"

"నువ్వు ఆడావుగా!"