ఒక పన్ను తక్కువ

మొగుడి డ్రాయింగ్ షీటులో గేరు చక్రానికి ఒక పన్ను తక్కువ గీసింది. ఆమె చేసిన నేరం అదీ. ఇంజనీరింగు చదివేది మొగుడైతే షీటు పెళ్ళాం ఎందుకు గీసిందని మీరు అడగొచ్చు. ఆ ఇంట్లో మాత్రం ఎవరూ అడగలేదు. అంట్లు తోముకుని, టేబుల్ తడి తుడిచి, ఆ టేబుల్ మీదే స్కేలూ కంపాసూ పెట్టుకుని ఏడాదిగా ఆయన గీతలన్నీ ఆమే గీస్తోంది. కింద సంతకం మాత్రం ఆయన స్వహస్తాలతో పెట్టుకుంటాడు, పాపం.

పొద్దున టీ తాగుతూ పళ్ళు లెక్కపెట్టాడు. "దీనికి పన్ను ఏదే? నీ పళ్ళు రాలగొడితేగానీ నీకు లెక్క రాదా?" అన్నాడు. అన్నాడేగానీ పళ్ళ జోలికి పోలేదు. పన్ను ఊడితే పదిమందికీ కనిపిస్తుంది, ఆ మాత్రం తెలివి ఉంది మనిషికి. గొంతు పట్టుకున్నాడు. ఫ్రిజ్జు తలుపుకి అదిమి, రెండు బొటనవేళ్ళూ గొంతుమీద పెట్టి నొక్కాడు. ఆమె గోళ్ళతో రక్కింది, కాలితో తన్నింది, తన్ను కుర్చీకి తగిలి కుర్చీ పడింది. చెవుల్లో హోరు, కళ్ళముందు నల్లచుక్కలు. చచ్చిపోతున్నానని ఆమెకి స్పష్టంగా తెలిసింది. అప్పుడు అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి, "ఒరేయ్, టైమవుతోంది, క్లాసు పోతుందిరా!" అంది. వదిలేశాడు. ఆ పూట కోడలి ప్రాణం కాపాడింది కొడుకు అటెండెన్సు.

అసలు ఆమె కాలేజీ గడప తొక్కింది కూడా ఆ అటెండెన్సు కోసమే. మొదటి ఏడాది పరీక్షలు రెండుసార్లు తప్పి, క్లాసు ఎగ్గొట్టి సినిమాలకి పోతున్న సుపుత్రుడికి కాపలా ఉండాలని అత్తగారు తేల్చింది. "ఇంట్లో ఊరికే కూర్చుని ఏం చేస్తావమ్మాయ్, వాడితో పాటు నువ్వూ వెళ్ళిరా" అంది. ఊరికే కూర్చోవడమట! నలుగురి వంట, నలుగురి బట్టలు, మామగారి మందులు, ఇవి కాక షీట్లు. పోనీ వెళ్ళింది. కాలేజీలో ఊరికే వరండాల్లో కూర్చోనివ్వరు, ఏదో ఒక కోర్సులో చేరాల్సిందే అన్నాడు ఆఫీసు గుమాస్తా. ఏది ఖాళీ ఉందంటే అంబులెన్సు కోర్సు ఉందన్నాడు. మొగుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "రక్తం చూస్తే ఇదే ముందు పడిపోతుంది. చేర్చుకోండి."

పడిపోలేదు. విరిగిన ఎముక కదలకుండా కట్టడం, ఆగిన గుండెని మళ్ళీ ఆడించడం, కారే రక్తాన్ని అదిమిపెట్టి ఆపడం, అన్నీ ఆమె చేతులకి ఇట్టే పట్టుబడ్డాయి. ఎంత గగ్గోలులోనూ కంగారుపడదని క్లాసంతా ఆమెకి 'నిదానం' అని పేరు పెట్టింది. వాళ్ళకేం తెలుసు, గగ్గోలు ఆమెకి కొత్త కాదని. ఈరోజు ఆఖరి ప్రాక్టికల్. పాసైతే అంబులెన్సు మీద ఉద్యోగం, డ్యూటీవాళ్ళకి ఆ బండ్లు నిలిపే స్టేషను వెనకాల ఒక గది. లోపల గడియ పెట్టుకునే గది. ఆ గడియ గురించి ఆమె ఎన్నిసార్లు అనుకుందో చెప్పలేం. తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. గొంతు కింద వేళ్ళు అంత గట్టిగా దిగాక, ఇంకో ఏడాది తనకి ఉంటుందా అని మొదటిసారి అనుమానం వచ్చింది. మెడకి స్కార్ఫు చుట్టుకుని, మొగుడి బండి వెనకే కూర్చుని, పరీక్షకి వచ్చింది.

పరీక్ష పెట్టేది సైరన్ మేడమ్. సగం జీవితం అంబులెన్సులో గడిపిన మనిషి, ఆవిడ గొంతు నాలుగు వీధుల అవతలికి వినిపిస్తుంది. క్లాసులోనే ఒకరు పేషెంటు వేషం కట్టాలి, మొహానికి రంగులతో గాయాలు పూస్తారు, పరీక్షకి నిలబడ్డవాళ్ళు అది నిజమనుకుని పనిచేయాలి. నిదానానికి వచ్చిన కేసు చూసి ఆమె మెడమీది స్కార్ఫు ఇంకాస్త పైకి లాక్కుంది. మొగుడు గొంతు నొక్కిన ఆడమనిషి. పేషెంటుగా క్లాసులోని పొడుగమ్మాయి ఒకతె మెడనిండా ఊదారంగు పూసుకుని కుర్చీలో కూర్చుంది. మొగుడి వేషం వేయాల్సిన వాచ్‌మన్ మాత్రం జ్వరమని రాలేదు.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర నిజం మొగుడు ప్రత్యక్షమయ్యాడు. చేతిలో చుట్టిన షీటు, పెన్సిలు. లంచ్‌లోపు షీటు ఇచ్చేయాలట, ఆ పన్నేదో గీయించుకుపోదామని వచ్చాడు. సైరన్ మేడమ్‌కి ఇదంతా తెలియదు. "ఎవరు బాబూ, ఇంజనీరింగా? మంచి టైముకి వచ్చారు. లోపలికి రండి. మీరు ఈ అమ్మాయి మొగుడు. తనంతట తనే పడిందని చెప్తూ ఉండండి, ఆవిణ్ణి నోరు విప్పనివ్వకండి. నిజంలా ఉండాలి!" అంది. ఆయన ఒక్కసారి పెళ్ళాం వైపు చూశాడు. నవ్వాడు. షీటు గోడకి ఆనించి వచ్చి, పొడుగమ్మాయి కుర్చీ వెనక నిలబడ్డాడు. రోజూ గేటు దగ్గరే దింపేసి పోయేవాడు గనక, ఆయనా నిదానమూ నిజం మొగుడూ పెళ్ళాలని ఆ గదిలో వాళ్ళిద్దరికే తెలుసు.

"మొదలుపెట్టమ్మా."

"నేను అంబులెన్సు నుంచి వచ్చానండీ. ఏం జరిగింది?" అంది నిదానం. గొంతు బొంగురుపోయింది. "గట్టిగా! పేషెంటుకి వినపడాలి!" అని మేడమ్ అరిచింది.

"ఏం జరుగుతుంది? మెట్లమీంచి పడింది," అన్నాడు మొగుడు. "కళ్ళు నెత్తికెక్కి నడుస్తుంది. చేసేది గోరంత, చెప్పేది కొండంత. ఒక్క పనీ సరిగ్గా చేసి చావదు." క్లాసు గొల్లుమంది. అచ్చం మా బావలా మాట్లాడుతున్నాడే అని వెనక ఎవరో అన్నారు. నవ్వారు గనక ఆయనకి ఇంకా ఊపొచ్చింది. "దీన్ని ఏం అడుగుతారండీ, నన్నడగండి. దీని సంగతి దీనికంటే నాకే బాగా తెలుసు."

ఇలాంటి కేసులో చేయాల్సింది ఆమెకి కంఠతా వచ్చు. ముందు ఆ మగవాణ్ణి గదిలోంచి పంపించాలి. ఆవిడ ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి. ఎంత తేలిక! పుస్తకంలో ఒక్క లైను. మూడేళ్ళ కాపురంలో ఆయన్ని ఏ గదిలోంచీ బయటికి పంపలేదు ఆమె. స్నానాల గదిలో ఉన్నా తలుపు బాదితే తీసేది. "నా ఇంట్లో నాకు తలుపేస్తావా?" అనేవాడు. పుట్టింటికి ఫోన్ చేస్తే పక్కన కూర్చుని స్పీకరు పెట్టించేవాడు. తలనొప్పని డాక్టరు దగ్గరికి వెళ్తే తలనొప్పి ఎక్కడుందో ఆయనే చెప్పాడు, డాక్టరు కూడా ఆయన్నే అడిగాడు. ఇప్పుడు ఈ ఒక్క ముక్క నోట్లోంచి రాకపోతే మార్కులు పోతాయి, గది పోతుంది, గడియ పోతుంది. వస్తే? సాయంత్రం ఆయన బండి ఎక్కాలి కదా. ఆమెకి భయమేసింది. ఉమ్మి మింగబోతే గొంతులో గాజుపెంకు అడ్డం పడ్డట్టు నొప్పి.

"మీరు కాసేపు బయట నిలబడండి," అంది.

"నిలబడను. నా పెళ్ళాం, నా ముందే మాట్లాడు."

"బయటికి వెళ్ళండి."

ఆయన ముందుకొచ్చి ఆమె చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని మెలిపెట్టాడు. మొహం చెవి దగ్గర పెట్టి, ఎవరికీ వినపడకుండా, "ఇంటికి రావే. పొద్దున సగమే చేశాను" అన్నాడు. వేళ్ళు విరిగేలా నొక్కి, ఒక్క తోపు తోశాడు. ఆమె వెనకున్న బల్లమీద పడింది. బల్ల అంచు నడుంలోకి గుచ్చుకుంది, కత్తెరలూ ట్రేలూ నేలమీద ఎగిరిపడ్డాయి. క్లాసు చప్పట్లు కొట్టింది. చప్పట్లు! ఆమె ఆ చప్పట్ల మధ్య బల్ల పట్టుకుని లేచి నిలబడింది.

"బాబూ, అంత జీవించక్కర్లేదు, కాస్త తగ్గించండి," అంది మేడమ్.

"మీరేగా మేడమ్ నిజంలా ఉండాలన్నారు," అన్నాడు చేతులు దులుపుకుంటూ.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. భయం ఎటుపోయిందో తెలియదు, పోయింది. డ్రైవరు వేషంలో ఉన్న లావుపాటి క్లాస్‌మేటు వైపు తిరిగింది. "డ్రైవరన్నా, ఈయన్ని బయటికి తీసుకెళ్ళి తలుపు మూసెయ్. నేను చెప్పేదాకా లోపలికి రానివ్వకు." ఆ లావుపాటి మనిషి ఆయన భుజంమీద చెయ్యేసి, "పదండి బాసూ" అని నడిపించుకుపోయాడు. పదిమంది చూస్తున్నారు గనక మొగుడు నవ్వుతూనే వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

నిదానం మోకాళ్ళమీద కూర్చుని పొడుగమ్మాయి చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు ఎవరూ లేరమ్మా. ఎవరు నొక్కారు?" "మా ఆయన," అంది పొడుగమ్మాయి నవ్వు ఆపుకుంటూ. నిదానం ఆమె ఊపిరి చూసింది, కళ్ళలో ఎర్రచుక్కలు వెతికింది, మింగమంది, మాట్లాడమంది. గొంతు నొక్కితే మనిషి పొద్దున బాగానే ఉన్నట్టు కనిపించినా సాయంత్రానికి గొంతు వాచి ఊపిరాడక ప్రాణం పోవచ్చని, అందుకే తప్పనిసరిగా ఆసుపత్రికి చేర్చాలని పొడుగమ్మాయికి మెల్లగా చెప్పింది. చెప్తుంటే తన మాటలు తనకే వినిపించాయి.

ఇక మిగిలింది ఆసుపత్రికి వైర్‌లెస్‌లో కబురు చెప్పడం. ఆసుపత్రి తరఫున బల్ల వెనక నుంచి సైరన్ మేడమే మాట్లాడుతుంది. "చెప్పమ్మా. పేషెంట్లు ఎంతమంది?"

"ఇద్దరు."

"చూసుకుని చెప్పు. తప్పు చెప్తే మార్కులు పోతాయి. ఒక్కరేగా?"

"ఇద్దరు, మేడమ్." ఆమె స్కార్ఫు విప్పి బల్లమీద పెట్టింది. మెడమీద వేళ్ళ గుర్తులు, పూసిన రంగు కాదు. పొడుగమ్మాయి నవ్వు ఆగిపోయింది. మేడమ్ కుర్చీలోంచి లేచింది. నిదానం వైర్‌లెస్ నోటి దగ్గరే పట్టుకుని, క్లాసులో నేర్పిన వరసలో, తొందర లేకుండా చెప్పింది. "రెండో పేషెంటు ఆడమనిషి. స్పృహలో ఉంది. పొద్దున గొంతు నొక్కారు, మింగలేకపోతోంది. నొక్కినవాడు ఈ తలుపు బయట నిలబడ్డాడు, పోలీసులకి చెప్పండి. పేషెంటు ఆసుపత్రికి వస్తుంది, ఇంటికి వెళ్ళదు."