ఐదోసారి చుట్టిన మోటరు

దేవేందర్ సారు కాగితాలు బల్ల మీద పరుస్తుంటేనే వహీదాబీకి ఒళ్లు మండింది. ఆమె కోరుట్లలో ఇరవై ఏళ్లుగా కాలిన మోటర్లకు రాగి తీగ చుట్టి బతుకుతున్న మనిషి. ఆయన సకల జనుల సమ్మె ముగిసి బస్సులు తిరగ్గానే హైదరాబాదు నుంచి ఊడిపడ్డ అధికారి. బావుల మీది మోటర్లు ఎన్నాళ్లు బతుకుతాయో లెక్క తీయడం ఆయన ఉద్యోగం. మోటరు మూత విప్పిన పాపాన మాత్రం పోలేదు.

"మొదటిసారి చుట్టింది ఏడాది నడుస్తోంది. ఐదోసారి చుట్టింది నెలకే కాలుతోంది. లోపం చుట్టే చేతిలోనే ఉంది," అన్నాడాయన.

నాసిరకం పనివాళ్ల జాబితాలో ఆమె పేరు రాసేశాడు కూడా. అది పైకి పోతే రైతులు ఆమె గడప తొక్కరు, కొట్టు మూసుకోవాల్సిందే.

"మంచి జాగల ఉన్న మోటరు ఒక్కపారి చుడితే మళ్ల మొఖం చూపియ్యది సార్. ఐదోపారి వచ్చేటియన్ని పాడు జాగలయే. మీరు జాగ చూడలే, నా చెయ్యి చూసిన్రు."

"జాగ మా లెక్కలో లేదమ్మా."

ఇంత చదువు చదివి నేర్చింది ఇదా, అనుకుందామె. "అయితే మోటర్లు మార్చి చూడున్రి," అంది.

ఈమె నోరు మూతపడుతుంది కదా అని ఆయన ఒప్పుకున్నాడు. కథలాపూర్ దగ్గర రైతు సత్తయ్య బావి కరెంటు లైనుకు చిట్టచివర ఉంటుంది. లింగన్న బావి ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే. ఐదుసార్లు చుట్టిన సత్తయ్య మోటరును లింగన్న బావికి, ఆఫీసు పంపిన కొత్త మోటరును సత్తయ్య బావికి బిగించారు.

పదకొండో రోజున కొత్తది కాలింది. పాతది లింగన్న మడికి నిక్షేపంగా నీళ్లు పోస్తోంది.

దేవేందర్ కాలిన మోటరు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "తయారీలోనే ఏదో లోపం..."

"గట్లనే రాయున్రి సార్. నా పేరు కింద ఆ కంపెనోళ్ల పేరు గూడ రాయున్రి."

కలం తీశాడు గానీ కంపెనీ పేరు రాయడానికి చేయి రాలేదు. గొణుక్కుంటూ ఆమె పేరు కొట్టేశాడు. వహీదాబీ గుండె కుదుటపడింది.

"మరి నా లైను సంగతేంది సారూ? వోల్టేజి అందకనే మోటర్లు కాలుతున్నయ్," అన్నాడు సత్తయ్య.

"అది మా శాఖ కాదు."

ఆ మనిషిని తిట్టి నోరు పాడుచేసుకోవడం దండగనిపించిందామెకు. కాలిన కొత్త మోటరు వైపు తిరిగింది.

"తే సత్తన్నా, చుడత. నెలకు మళ్ల తెస్తవ్, నాకెర్కే."