మంగాయమ్మ పలకరింపు

మంగాయమ్మకు మరిది పెద్దింటయ్య మీద ఏడాదిగా కోపం. రోజూ పొద్దున్నే ఆమె పడవ కొల్లేట్లో వెళుతుంటే, అతను అవతలి గట్టున తలపాగా చుట్టుకుని నిలబడి ఉంటాడు. ఎంత పిలిచినా ఉలకడు, పలకడు. ఆ మంటతోనే అతని కూతురి పెళ్లికి కూడా వెళ్లలేదు.

చూపు మసకేసిందని కొడుకు ఆమెను ఏలూరు తీసుకెళ్లాడు. అక్కడ కొత్త డాక్టరు కరెంటు దీపం వెలిగే మిషను ముందు కూర్చోబెట్టి, అద్దం మీద అద్దం మారుస్తూ, "ఇది బాగుందాండీ? ఇందాకటిది బాగుందాండీ?" అని అడిగాడు.

"బేరం చేస్తున్నారా ఏవిటండీ, ఏదో ఒకటి ఇచ్చెయ్యండి!" అని కసిరింది.

వారం పోయాక కళ్లద్దాలు తెచ్చుకుని, పడవలో తిరిగొస్తూ గట్టు వైపు చూసింది. అక్కడున్నది గుంజ. దాని నెత్తిన ఎవరో బోర్లించిన చేపల బుట్ట.

పడవను నేరుగా మరిది ఇంటికి పోనిమ్మంది. అరుగు మీద వల బాగుచేసుకుంటున్న పెద్దింటయ్య గబుక్కున లేచాడు.

"రండి వదినా! ఇన్నాళ్లూ మా మీద కోపం ఎందుకండీ?"

"ఉండదేవిటి? ఏడాదిగా గుంజతో మాట్లాడుతుంటే, అది నువ్వు కాదని ఒక్కసారైనా వచ్చి చెప్పావా?" అంది మంగాయమ్మ, పీట లాక్కుని కూర్చుంటూ.